చిరుత సంగతి తర్వాత, ముందు అమ్మకు మంచం వెయ్యండి

మీ కథ క్లుప్తంగా ఇదీ. తిరుపతిలో జూపార్కు రోడ్డు దాటాక కొండ కింద కొత్త లేఅవుట్‌లో ఇల్లు తీసుకున్నారు. నెల రోజులుగా రాత్రి రెండు గంటలప్పుడు మిద్దె మీద ధబ్బుమని చప్పుడు. మొన్న టార్చి వేస్తే కాంపౌండు గోడ అవతల రెండు కళ్లు మెరిశాయి. వారం కిందట వీధిలో తిరిగే ఎర్రకుక్క కనబడకుండా పోయింది. పక్కింటాయన "కంచెకు కరెంటు పెట్టేస్తే పీడా పోతుంది" అంటున్నాడు, మీ ఆవిడ "ఇల్లు ఖాళీ చేసేద్దాం" అంటోంది. వీటి మధ్యలో ఒక ముక్క అలా రాసి వదిలేశారు: "అమ్మ మాత్రం వరండాలో చాప మీదే పడుకుంటుంది, లోపల ఉక్కగా ఉందంటుంది." మిగతాదంతా మామూలుగానే చదివాను గానీ, ఆ ముక్క దగ్గర గుండె దడదడలాడింది.

అటవీ శాఖలో గార్డుగా చేరి సెక్షన్ ఆఫీసరుగా రిటైరైనవాణ్ని. పలమనేరు, బాకరాపేట, చంద్రగిరి, తిరుపతి, ఈ నాలుగు చోట్లే నా సర్వీసంతా గడిచింది. ఇప్పుడుంటున్నదీ కొండ కిందే, కాబట్టి మీ రాత్రులు నాకు తెలియనివి కావు.

ముందు వరండా సంగతి. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో ఏటా సగటున 58 వేల మంది పోయారని లెక్క తేల్చారు. దాని పక్కన చిరుతల లెక్క పెట్టి చూస్తే కంటికి ఆనదు. రాత్రిపూట నిద్రలో కాటేసేదాంట్లో మొదటి పేరు కట్లపాముది. నల్లగా నిగనిగలాడే ఒళ్లు, దాని మీద సన్నటి తెల్ల చారలు జంటలు జంటలుగా ఉంటాయి. తల దగ్గర చారలు సరిగా కనబడవు, తోక వైపు వెళ్లేకొద్దీ స్పష్టమవుతాయి. పగలు చూస్తే అయ్యో పాపం అనిపిస్తుంది, తల ఒంటికింద దాచుకుని చుట్టగా పడుంటుంది. చీకటి పడితే అది వేరే పాము. ఎలుకలు, బల్లులు, కప్పలు, వేరే పాములు దాని తిండి. వాటి వెంట గుమ్మం కింద సందులోంచి లోపలికొస్తుంది. నేల మీద పడుకున్న మనిషి నిద్రలో పక్కకు ఒత్తిగిలితే దాని మీద పడతాడు. అంతే.

కాటు ఎలా ఉంటుందో చెబుతాను, ఎందుకంటే నేనే మోసపోయాను. చంద్రగిరి రేంజిలో ఉన్నప్పుడు బేస్ క్యాంపులో మాతో ఒక వాచరు ఉండేవాడు, పాతికేళ్ల కుర్రాడు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి కడుపులో నొప్పి అన్నాడు. ముందు రోజు రాత్రి చెరువు చేపల పులుసు గట్టిగా లాగించాడు కాబట్టి అజీర్తి అనుకుని నేనే సోడా తాగించాను. ఒళ్లంతా వెతికినా గాటు లేదు, వాపు లేదు. అసలు పాము ఊసే ఎవరికీ తట్టలేదు. అయిదున్నరకి "సార్, గొంతు పట్టేసినట్టుంది" అన్నాడు, మాట ముద్దముద్దగా వచ్చింది. తెల్లారి వెలుతురులో ముఖం చూస్తే రెండు కనురెప్పలూ సగం వాలిపోయి ఉన్నాయి. ఎత్తమంటే ఎత్తలేకపోతున్నాడు. అప్పుడు వెలిగింది నాకు. జీపులో వేసుకుని తిరుపతి పెద్దాసుపత్రికి పరిగెత్తాం. నాలుగు రోజులు వెంటిలేటర్ మీద ఉండి బతికాడు. తర్వాత చాప దులిపితే కింద నుంచి మూడడుగుల కట్లపాము బయటికొచ్చింది. సోడా తాగించిన గంటన్నర ఇప్పటికీ నా లెక్కలోనే ఉంది.

కాబట్టి మీ అమ్మగారికి ఈ రోజే మంచం వెయ్యండి. ఉక్కగా ఉంటే మంచమే వరండాలో వెయ్యండి, అభ్యంతరం లేదు. దోమతెర కట్టి, అంచులు నాలుగు వైపులా పరుపు కిందికి దోపాలి. నేలకు వేలాడితే దోమలు ఆగుతాయేమో గానీ పాము ఆగదు. దుప్పటి కూడా నేలను తాకకూడదు. తలగడ పక్కన టార్చి ఉండాలి. బాత్రూముకు లేచినప్పుడు ముందు వెలుతురు దిగాలి, తర్వాత కాలు. గుమ్మం కింద రబ్బరు పట్టీ, బయటికి పోయే నీళ్ల గొట్టాలకు జాలీ, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఇటుకల కుప్ప గోడకు దూరంగా. బియ్యం మూట నేల మీద ఉంటే ఎలుకలొస్తాయి, ఎలుకల వెనకాలే అది వస్తుంది. వెల్లుల్లి రసం, కిరోసిను, ఫినాయిలు, చుట్టూ ఉప్పు గీత, వీటికి పాములు ఆగవు. ఫినాయిలు పోసిన గట్టు మీదే నాగుపాము పాకుతుంటే చూసినవాణ్ని.

వానాకాలం మరీ జాగ్రత్త. మనకు అసలు వానలు అక్టోబరు, నవంబరుల్లో కదా. 2021 నవంబరులో తిరుపతి మునిగినప్పుడు వారం రోజులు మాకు నిద్రలేదు. పుట్టలు, బొరియలు నీళ్లతో నిండితే అవెక్కడికి పోతాయి? మెట్లెక్కి మీ ఇంటికే వస్తాయి. బూట్లలో, స్కూటరు డిక్కీలో, ఒకరింట్లో అయితే వాషింగ్ మిషన్ వెనకాల.

కాటు పడిందని అనుమానం వస్తే చాలు, గాటు కనబడక్కర్లేదు. టైము చూసుకోండి. ఉంగరాలు, గాజులు, కాలి పట్టీలు తీసెయ్యండి. కాలో చెయ్యో విరిగితే ఎలా కదలకుండా బద్ద కడతామో అలా కట్టి పడుకోబెట్టండి. 108కి ఫోను. బిగించి తాడు కట్టడం, బ్లేడుతో కొయ్యడం, నోటితో పీల్చడం, పసరు మందు, మంత్రం, వీటిలో ఏ ఒక్కదానికీ ఒక్క నిమిషం ఇవ్వకండి. తిరుపతిలో ఉన్నవాళ్లు అదృష్టవంతులు, రుయా, స్విమ్స్ అని రెండు పెద్దాసుపత్రులున్నాయి. మన దగ్గర వాడే విషానికి విరుగుడు ఇంజెక్షను నాలుగు పాములకు కలిపి పనిచేస్తుంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుకలో తిరిగే చిన్న పింజరి. అందుకే ఏ పామో చెప్పాలని దాన్ని చంపి సంచిలో వేసుకుపోవాల్సిన పనిలేదు. ఆ మందుకు కావాల్సిన విషం ఎక్కువగా మన పక్కనే చెన్నై దగ్గర పాములు పట్టే ఇరుళ్ల గిరిజనుల సహకార సంఘం నుంచి వెళ్తుంది, 1978 నుంచి వాళ్లదే ఆ పని. రక్తపింజరిది వేరే దారి. కాటు దగ్గర విపరీతమైన నొప్పి, వాపు, రక్తం గడ్డకట్టదు. ఆసుపత్రిలో గాజు గొట్టంలో కొంచెం రక్తం పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి చూసేది అందుకే. దాని బుస మాత్రం మర్చిపోలేం, విజిల్ రాబోయే ముందు కుక్కరు చేసే చప్పుడు అచ్చం అదే.

ఇక మీ మిద్దె మీద దొంగ. నూటికి తొంభై పాళ్లు అది మానుపిల్లి. రాత్రి ఒకటి, రెండు గంటలకు చెట్టు మీంచి మిద్దె మీదికి దూకుతుంది, నీళ్ల ట్యాంకు చుట్టూ తిరుగుతుంది. పొద్దున్నే పైకెళ్లి చూడండి. ట్యాంకు పక్కనో పిట్టగోడ మీదో నల్లటి పెంటిక, దాన్నిండా సపోటా గింజలో ఈత గింజలో నేరేడు గింజలో ఉంటే మీ దొంగ దొరికినట్టే. చిరుత పెంటికలో గింజలుండవు, వెంట్రుకలుంటాయి. ఆనుకుని ఉన్న కొమ్మ కొట్టేస్తే వారంలో చప్పుడు ఆగుతుంది. దీని దాయాది పునుగుపిల్లి ఎక్కువగా నేల మీదే తిరుగుతుంది, పెరట్లో ఒక్కసారిగా ఏదో ఘాటు వాసన వస్తే అదే. శుక్రవారం అభిషేకమయ్యాక శ్రీవారి మూలమూర్తికి పూసే పునుగు తైలం ఈ జాతి ఇచ్చిందే. మన ఊళ్లో పుట్టినవాళ్లు దాని మీద రాయి వెయ్యడానికి మనసొప్పరు, మీ పక్కింటాయనకు ఈ మాట చెప్పి చూడండి.

కళ్ల దగ్గరికొద్దాం. రంగును బట్టి జంతువును చెప్పేవాళ్లను నమ్మకండి. టార్చిని బట్టి, కోణాన్ని బట్టి ఒకే జంతువు కళ్లు పచ్చగానూ కనబడతాయి, పసుపుగానూ కనబడతాయి. నేను చూసేది మూడు: నేల నుంచి ఎంత ఎత్తు, కళ్ల మధ్య ఎంత దూరం, కదలిక ఎలా ఉంది. ఒకేచోట అయిదారు జతలు కదలకుండా నిలబడి ఉంటే దుప్పులు. గడ్డిలో సూదిమొనల్లా వందల కొద్దీ మెరిస్తే సాలెపురుగులు. నవ్వకండి, కొత్తగా వచ్చిన గార్డులు దీనికే బిత్తరపోతారు. రెండు కళ్లూ ముందువైపే ఉండి, మీ వైపే నిలకడగా చూసి, తర్వాత చప్పుడు లేకుండా కిందికి ఆరిపోతే అది పిల్లి జాతిది. పిల్లా, అడవిపిల్లా, చిరుతా అన్నది కళ్లు చెప్పవు, నేల చెబుతుంది.

మా బీట్లలో ఇసుక పట్టీలు వేసేవాళ్లం. మీకు ముగ్గుపిండి చాలు. సాయంత్రం గేటు ముందు, గోడ లోపలివైపు రెండడుగుల వెడల్పున పల్చగా చల్లి చదును చెయ్యండి, వాన లేని రోజు చూసుకుని. పొద్దున్నే పాలవాడి కన్నా ముందు లేచి చూడాలి, లేదంటే పాలవాడి చెప్పులే కనబడతాయి. కుక్క అడుగులో గోళ్ల గుర్తులు ముందుకు పొడుచుకు వస్తాయి. చిరుత నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి నాలుగు గుండ్రటి వేళ్లు, వెనక మెత్త, అంతే. అడుగు వెడల్పు 7 నుంచి 9 సెంటీమీటర్లు, వేళ్లు వదిలేసి మీ అరచేతిని ఊహించుకోండి, దాదాపు అంత. రెండు గిట్టలు, వెనక రెండు చిన్న చుక్కలు ఉంటే అడవి పంది. గోడ దూకి వచ్చిందా అని అడగబోతారు, పదడుగుల గోడ చిరుతకు పెద్ద లెక్కలోది కాదు. గొంతు ఎప్పుడైనా వింటే గర్జనలా ఉండదు, రంపంతో దుంగ కోస్తున్నట్టు తెరలు తెరలుగా వస్తుంది.

ఎర్రకుక్క పోయిందంటే నాకైతే చిరుత వచ్చిందనే అనుమానం. రావడంలో వింతేముంది? శేషాచలం 4755 చదరపు కిలోమీటర్ల బయోస్ఫియర్ రిజర్వు, మీ లేఅవుట్ దాని అంచున ఉంది. అది మీకోసం రాలేదు. మీ వీధి చివర కోడి మాంసం కొట్టు వ్యర్థాలు పారబోస్తున్నారా లేదా, చూసి చెప్పండి. ఆ కుప్పకు కుక్కలు, పందులు చేరతాయి, వాటికోసం అది దిగొస్తుంది. ఆ కుప్ప ఎత్తించడం బోను పెట్టించడం కంటే ఎక్కువ పనిచేస్తుంది. ఈ మాట చెబితే జనానికి కోపం వస్తుంది, వాళ్లకు బోను కావాలి, ఫొటో కావాలి. చిరుతను పట్టాలంటే రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఉండాలి, అది వన్యప్రాణి రక్షణ చట్టం షెడ్యూల్ ఒకటిలో ఉన్న జంతువు. పట్టి ఇంకోచోట వదిలినా తీరిపోదు. మహారాష్ట్రలో జున్నర్ వైపు అలా పట్టి వదిలిన తర్వాతే మనుషుల మీద దాడులు పెరిగాయి. ఖాళీ అయిన జాగాలోకి ఇంకొకటి వస్తుంది, తీసుకెళ్లి వదిలిన దానికేమో అక్కడ దారీ తెన్నూ తెలియదు.

అలాగని తేలిగ్గా తీసుకోమనడం లేదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత పొట్టన పెట్టుకుంది. అంతకు ముందు జూన్‌లో ఒక చిన్న బాబును పట్టుకుంటే జనం కేకలకు వదిలేసి పోయింది. ఆ తర్వాత పదిహేనేళ్ల లోపు పిల్లల్ని మధ్యాహ్నం 2 దాటాక ఆ దారిన పంపకపోవడం, భక్తుల చేతికి కర్రలివ్వడం మొదలుపెట్టారు. కర్రలను చూసి చాలామంది నవ్వారు, చిరుతతో కర్రసాము చేస్తారా అని. కర్ర కొట్టడానికి కాదండీ. చేతిలో కర్ర ఉన్నవాడు వంగడు, పరిగెత్తడు, మెట్ల మీద టక్కుటక్కుమని చప్పుడు చేసుకుంటూ పోతాడు. చిరుత కంటికి ఎత్తే పెద్ద లెక్క. మీ పాప ఎత్తు ఎంతో అది చూస్తుంది. చీకట్లో వంగిన మనిషి, కూర్చున్న మనిషి దానికి మనిషిలా కనబడడు.

మీకూ అవే జాగ్రత్తలు. పొద్దు వాలాక పాపను ఒక్కదాన్నే గేటు దాటనివ్వకండి. చెత్త బుట్ట పెట్టడానికి వెళ్లినా పెద్దవాళ్లే వెళ్లాలి, ఫోనులో పాట పెట్టుకునో మాట్లాడుకుంటూనో వెళ్లాలి. గోడ పక్కన పెరిగిన లాంటానా పొదలు కొట్టించండి. కుక్కను పెంచుకుంటే రాత్రి లోపల కట్టెయ్యండి, వాకిట్లో కట్టేసిన కుక్క కాపలా అవ్వదు, ఎర అవుతుంది. ఎదురుపడితే పాపను భుజానికెత్తుకుని, దాని వైపే ముఖం పెట్టి, గట్టిగా అరుస్తూ వెనక్కి అడుగులెయ్యండి. వీపు చూపించి పరిగెత్తకూడదు. దానికి పోయే దారి వదలాలి. ఇంట్లోకే దూరితే బయటి నుంచి తలుపేసి, అందరూ దూరంగా జరిగి, మా వాళ్లకు ఫోను చెయ్యండి. ఇన్నేళ్లలో నేను చూసిన గాయాలు సగానికి సగం వీడియో తీద్దామని కిటికీ దగ్గరికి పోయినవాళ్లవే.

కంచెకు కరెంటు. పక్కింటాయన వినకపోతే ఇది చదివించండి. అది నేరం, కేసు జంతువు చచ్చినా అవుతుంది, మనిషి చచ్చినా అవుతుంది. మనుషులూ పోతారు, ఒక్కోసారి తీగ పెట్టిన ఇంటివాళ్లే. ఉచ్చులూ అంతే. ఒక మామిడి తోటలో అడవి పందికని బైకు క్లచ్ వైరుతో పన్నిన ఉచ్చులో చిరుత పడింది. మేం వెళ్లేసరికి తెల్లారింది. వైరు నడుముకు బిగుసుకుంది. తీగ ఎంత పొడవుందో అంత గుండ్రంగా నేలంతా దుక్కి దున్నినట్టు తవ్వేసి ఉంది, మామిడి మొదలు బెరడు మనిషెత్తు దాకా గోళ్లతో ఊడొచ్చింది. డాక్టరు మత్తు సూది వేసేలోపే పోయింది. ఆడది. తోట యజమాని పందికోసం పెట్టాను సార్ అని ఏడ్చాడు, నిజమే చెప్పాడు. అయినా జైలుకు పోయాడు.

చివర్లో మీ మామగారి మామిడి తోట సంగతి కూడా అడిగారు, గంగవరం మండలం అన్నారు. అక్కడ లెక్క పూర్తిగా వేరు. అది ఏనుగుల దారి. 1980ల్లో తమిళనాడు, కర్ణాటకల వైపు నుంచి గుంపులు దిగాయి, 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. చిరుతకు చెప్పిన మాటలేవీ అక్కడ వాడకండి. అరవొద్దు, టార్చి ముఖాన కొట్టొద్దు, టపాకాయలు మీరు కాల్చొద్దు. పలమనేరులో కొత్తగా ఉన్నప్పుడు ఒక రాగి చేను గట్టు మీద నా అయిదు సెల్లుల టార్చి సరాసరి మగ ఏనుగు ముఖాన వేశాను, ధైర్యం చూపిద్దామని. అది ఒక్క క్షణం ఆగింది. చెవులు రెండూ విప్పింది. తర్వాత నాకు గుర్తున్నది నేల అదరడం ఒక్కటే. రెండు బండల సందులో పడి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాను కాబట్టి ఈ జవాబు రాస్తున్నాను. అంత పెద్ద ఒళ్లు చీకట్లో పది గజాల్లో ఉన్నా కనబడదు, వినబడదు. కొమ్మ విరిగిన చప్పుడో, కడుపులో గుడగుడో వినబడితే వెనక్కి తిరిగి వచ్చేయడమే.

మామగారికి మూడే చెప్పండి. కాపుకు తోటలో పాకలో పడుకోవద్దు, పక్కా మిద్దె ఉంటే దాని మీద. ఇంట్లో ఉప్పు, బెల్లం, వడ్లు, పండిన పనస ఉంటే గోడ పగలగొట్టి మరీ తీసుకుంటుంది, రోజుకు నూటయాభై కిలోలకు పైగా తినే ఒళ్లది, వాసనకు ఎంత దూరమైనా వస్తుంది. ఊరి ట్రాకర్ల వాట్సాప్ గ్రూపులో ఉండమనండి, గుంపు ఏ చెరువు దగ్గరుందో సాయంత్రానికే చెబుతారు. 2025 మేలో కర్ణాటక నాలుగు కుంకీలను, అంటే అడవి ఏనుగుల్ని తరమడానికి శిక్షణ ఇచ్చిన ఏనుగులను ఇచ్చింది, పలమనేరు దగ్గర ముసలిమడుగులో క్యాంపు పెట్టారు. మంచిదే. కానీ రాత్రి పదకొండింటికి మీ తోటలో ఏనుగు నిలబడితే కుంకీ వచ్చేలోపు మీ ప్రాణం మీరే చూసుకోవాలి. పంట పోతే పరిహారానికి అర్జీ పెట్టుకోవచ్చు, పొద్దున్నే అడుగుల ఫొటోలు తీసి పెట్టుకోమనండి.

ఇల్లు ఖాళీ చెయ్యాలా అని మీ ఆవిడ అడిగారు. అక్కర్లేదమ్మా. నేనున్న వీధిలోకి పోయిన నెలలో కూడా చిరుత వచ్చి పోయింది, మా మనవరాలు అదే వీధిలో సాయంత్రం ఆరు దాకా షటిల్ ఆడుతుంది, ఆరు కొట్టగానే లోపలికి. ముందు మంచం వెయ్యండి. తర్వాత ముగ్గుపిండి చల్లండి. ముద్ర దొరికితే పక్కన పది రూపాయల బిళ్ల పెట్టి, నిటారుగా పైనుంచి ఫొటో తీసి పెట్టండి, పక్కవాటంగా తీస్తే కొలత తప్పుతుంది. బిళ్ల వెడల్పు 27 మిల్లీమీటర్లు, చూసి ఏదో చెబుతాను.